తోడేలుని కాస్త పక్కకి జరగమందాం

మా కోనసీమలో తోడేలుని చూసినవాళ్లెవరూ నాకు తెలీదు. నక్కలు మాత్రం కావలసినన్ని. రాత్రిపూట కాలవగట్టు అవతల ఒకటి మొదలెడితే మిగతావన్నీ అందుకుంటాయి. అందుకే నా చెల్లోలో, అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే వాద్యంలో, పాశ్చాత్యులు ఎఫ్ అనే స్వరం దగ్గర వచ్చే వెక్కిళ్ల మోతని ‘ఊల్ఫ్ టోన్’ అంటారని, అంటే తోడేలు స్వరమని చెబితే మా పక్కింటి బాబాయ్ ఒప్పుకోలేదు. “తోడేలేంట్రా, గొంతులో కొబ్బరిముక్క అడ్డంపడ్డ నక్క ఇది” అన్నాడు.

బాబాయ్ నలభై ఏళ్లుగా మృదంగం వాయిస్తున్నాడు. గుళ్లో ఉత్సవాలకీ, హరికథలకీ ఆయనే. నేను చెన్నైలో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, ముప్పై దాటాక సరదాకి చెల్లో మొదలెట్టి, ఆ తర్వాత వదల్లేక, ఒక సెకండ్ హ్యాండ్ వాద్యంతో ఊరికి తిరిగొచ్చినవాణ్ణి. ఊళ్లోవాళ్లు దాన్ని పెద్ద వయొలిన్ అంటారు. మా అమ్మ ‘ఆ పెట్టె’ అంటుంది.

ఆ మోత ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. జీ తీగ మీద ఎడమ చేతిని మెట్టుమెట్టుగా జరుపుకుంటూ వస్తే డీ బాగా పలుకుతుంది, ‘ఈ’ ఇంకా బాగా పలుకుతుంది. చిటికెనవేలు ఎఫ్ మీద పడగానే కమాను కింద తీగ పట్టు తప్పుతుంది. వ్వ-వ్వ-వ్వ-వ్వ అని సెకనుకి నాలుగైదుసార్లు శబ్దం లేచి పడుతుంది. కమాను పట్టుకున్న వేళ్లకి కూడా ఆ అదురు తెలుస్తుంది. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చుని పాట పాడితే గొంతు ఎలా వస్తుందో, అచ్చం అలాగే.

ఈ మధ్య చెల్లో నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలు నాకు మెసేజ్ పెట్టారు. వాద్యం పాడైపోయిందా, ఈ మోత పోవడానికి ఏ పరికరం కొనాలి అని. ఇద్దరి మాటల్లోనూ టెన్షనే. పాడవలేదమ్మా. పరికరం కొనొచ్చు, కానీ అన్నీ చూశాక చివర్న కొనండి, తేలికైనది కొనండి, దాని నోరు పూర్తిగా మూయించాలని మాత్రం చూడకండి. ఎందుకో చెప్పడానికి కొంచెం పొడుగు కథ ఉంది.

బాబాయ్‌కి నేను అర్థమయ్యేలా చెప్పింది కొబ్బరికాయలతో. పెరట్లో బట్టలారేసే తాడుని కాస్త వదులు చేసి, దానికి రెండు ఎండుకాయల్ని ఒకే పొడుగు తాళ్లతో మూరెడు ఎడంగా వేలాడదీశాను. ఒకదాన్ని తాడుకి అడ్డంగా ఊపి వదిలాను. రెండోది కదలకుండా ఉంది. కాసేపటికి అదీ మెల్లగా మొదలెట్టింది. ఇది పుంజుకుంటున్నకొద్దీ మొదటిది నీరసించి, చివరికి నిలబడిపోయింది. తర్వాత వరస తిరగబడింది. ఆగిపోయిన కాయ మళ్లీ లేచింది, ఊగుతున్నది ఆగింది. బాబాయ్ కాఫీ గ్లాసు పట్టుకుని పూర్తిగా రెండు విడతలు చూశాడు. “చేబదుళ్లు” అన్నాడు. “నాది నీకు, నీది నాకు. మధ్యలో ఇద్దరి దగ్గరా డబ్బుండదు.”

అంతే. ఒక కాయ తీగ, రెండో కాయ చెల్లో పై పలక, వదులు తాడు ఆ రెంటినీ కలిపే బ్రిడ్జి, అంటే తీగలు ఆనుకుని ఉండే చిన్న చెక్క. ప్రతి చెల్లో చెక్కకీ ఇష్టమైన స్థాయి ఒకటుంటుంది. అది మామూలుగా ‘ఈ’కీ, ఎఫ్ కంటే అరమెట్టు పైనుండే ఎఫ్ షార్ప్‌కీ మధ్య, అంటే సెకనుకి 165 నుంచి 185 కంపనాల లోపు పడుతుంది. మీరు అదే స్వరం వాయిస్తే చెక్క ఎగబడి ఊగుతుంది. ఆ ఊపుకి కావలసిన శక్తంతా తీగ నుంచే పోవాలి. తీగ తన మూలస్వరాన్ని నిలబెట్టుకోలేక పై స్థాయికి ఎగురుతుంది. మూలస్వరం అందక చెక్క చల్లబడుతుంది. అప్పుడు తీగకి ఊపిరొచ్చి మళ్లీ మూలస్వరం ఎత్తుకుంటుంది. ఈ చేబదుళ్ల చప్పుడే మనకి వినపడే వెక్కిళ్లు.

తర్వాత ఒక కాయ తాడుని జానెడు తగ్గించి కట్టాను. చేబదుళ్లు దాదాపు ఆగిపోయాయి. రెండు తాళ్లూ సమానంగా ఉన్నప్పుడే ఈ గొడవ. ఈ సంగతి గుర్తుంచుకోండి, చిన్న పరికరాల కిటుకంతా ఇందులోనే ఉంది.

వయొలిన్‌కి ఈ బాధ ఇంతగా లేకపోవడానికి కారణం కొలతలు. చెల్లో స్థాయి ఎంత కిందికి దిగిందో దానికి తగ్గట్టు ఒళ్లు పెరగలేదు. అలా పెంచితే మోసేవాడుండడు, వాయించేవాడూ ఉండడు. పైగా బ్రిడ్జి ఎత్తు, తీగలు బరువు. బరువైన తీగ ఎత్తయిన బ్రిడ్జి మీద నిలబడి పల్చటి పలకని కుదిపితే చెక్క గట్టిగా పట్టుకుని ఊగదా మరి. పేరున్న పాత ఇటాలియన్ చెల్లోల్లోనూ ఈ తోడేలు ఉంటుంది. బాగా పలికే వాద్యంలోనే ఉంటుంది. అసలు ఊగని చెక్కకి ఏ స్వరమూ ఇష్టం కాదు, దాన్ని ఏ తోడేలూ పట్టించుకోదు.

ఈ వ్యవహారాన్ని మొదట్లోనే సరిగ్గా పట్టుకున్నవాళ్లలో మన రామన్ ఒకడు. విశాఖపట్నంలో బడికెళ్లి, అక్కడే పదకొండో ఏట మెట్రిక్యులేషన్ అయిన సి.వి. రామనే. 1916లో ఆయన కలకత్తాలో ప్రభుత్వ ఖాతాల శాఖలో ఆఫీసరు. పొద్దునా సాయంత్రం ఒక పరిశోధన సంస్థలో ప్రయోగాలు. ఆ సంస్థ ఉన్న వీధి పేరు బౌ బజార్, ఇంగ్లీషు స్పెల్లింగులో ‘బౌ’ అంటే కమానే. కమాను వాద్యాల మీద పని చేసేవాడికి అంతకంటే తగ్గ చిరునామా ఉండదు. చెల్లో తీగ కదలికనీ, పలక కదలికనీ ఒకేసారి ఫొటో తీసి, ఒకటి పెరిగేటప్పుడు రెండోది తగ్గుతోందని చూపించాడు. ఏ స్వరమైనా నిలబడాలంటే కమాను ఒత్తిడి కనీసం ఇంతుండాలి, చెక్క శక్తిని లాగేసేచోట ఆ కనీసం పెరిగిపోతుంది, మన చెయ్యి అంత ఇవ్వలేనప్పుడు తీగ జారుతుంది. ఆయన చెప్పింది స్థూలంగా ఇదే. తర్వాత 1963లో జాన్ షెల్లెంగ్ అనే అమెరికన్ ఇంజనీరు వయొలిన్ కుటుంబాన్ని కరెంటు సర్క్యూట్‌లా లెక్కగట్టాడు. ఆయనా చెల్లో వాయించేవాడే. తీగ ఎంత బరువైతే చెక్కతో లంకె అంత బిగుస్తుందన్నది ఆ లెక్కల్లో తేలింది.

బాబాయ్‌కి రామన్ మీద గౌరవం పెరగడానికి వేరే కారణం ఉంది. ఆ రామనే 1920లో మృదంగం గురించి రాశాడు. కుడివైపు నల్లటి మచ్చ బరువు వల్లే చర్మవాద్యం అపస్వరాలు మానుకుని తంత్రివాద్యంలా శ్రుతిగా పలుకుతుందని. “అదంతా మాకు తెలీకనా” అని పైకి అన్నాడుగానీ ఆ రోజు ఇంకో కాఫీ అడిగి తాగాడు.

ఇక నా అనుభవం. పట్నంలో ఒక షాపుకి చెల్లోని రైల్లో మోసుకెళ్లాను. ఏ స్వరం, ఏ తీగ అని అడగనైనా అడగలేదు. సౌండ్ పోస్ట్, అంటే లోపల పలకల మధ్య నిలబెట్టే చిన్న పుల్లని, కాస్త కదిపి, ఉన్నవాటిలో బరువైన ఇత్తడి గొట్టం జీ తీగకి బిగించి పంపించారు. తోడేలు పోయింది. దాంతోపాటు జీ తీగ కూడా పోయింది. చెక్కపెట్టెలో దుప్పటి కుక్కి వాయిస్తున్నట్టుంది. ఇంటికొచ్చి నెల్లాళ్లు దాన్నే మంచి స్వరం అనుకుని వాయించాను. డబ్బిచ్చి కొన్నాం కదా, బాగోలేదని ఒప్పుకోవడానికి మనసు రాదు.

ఆ గొట్టం పెద్ద వస్తువేం కాదు. లోపల రబ్బరు తొడుగు, పక్కన చిన్న మర. బ్రిడ్జికీ, తీగల కింది చివరలు కట్టే టెయిల్‌పీస్‌కీ మధ్య నాలుగైదు అంగుళాల తీగ ముక్క మిగులుతుంది కదా, కమాను తగలనిది. దానికి బిగిస్తారు. ఆ ముక్కని మామూలుగా మీటితే కీచుమంటుంది. గొట్టం బరువు పడగానే దాని స్థాయి దిగుతుంది. ఎంత దిగాలంటే, సరిగ్గా తోడేలు ఉన్న స్వరం దాకా. అప్పుడు పలక ఊగబోయినప్పుడల్లా ఈ చిన్న ముక్క కూడా ఊగి, ఆ శక్తిలో కొంత రబ్బరులో హరించేస్తుంది. పెద్ద అప్పులవాడికి పక్కనే ఇంకో చిన్న అప్పులవాణ్ణి కూర్చోబెట్టినట్టు. ముక్కకి సరిగ్గా నడిమధ్య బరువు పెడితే స్థాయి బాగా దిగుతుంది, చివరలకి జరిపితే తక్కువ దిగుతుంది. కాబట్టి గొట్టం మరీ బరువైనదైతే సరైన చోటు బ్రిడ్జికో టెయిల్‌పీస్‌కో ఆనుకుని వస్తుంది. ఇంత చిన్న లెక్క ఆ షాపులో ఎవరూ చెప్పలేదు.

అమలాపురంలో తెలిసిన బంగారం కొట్టుకి తీసుకెళ్లి తూయించాను. “ఆయ్, తొమ్మిది గ్రాముల రెండొందల మిల్లీలండి” అని చెప్పి, నా మొహంలోకి చూసి, “ఇత్తడండి ఇది, మేం కొనమండి” అని మర్యాదగా వెనక్కిచ్చాడు.

దారి చూపించింది బాబాయే. కచేరీకి ముందు మృదంగం ఎడమవైపు తొప్పికి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. స్థాయి ఎక్కువగా ఉంటే ఇంకాస్త అద్దుతారు, మరీ దిగిపోతే గోటితో గీకి తీసేస్తారు. కచేరీ అయ్యాక మొత్తం గీకేసి తుడిచేస్తారు. “ఆ గొట్టం మర బిగించి కూర్చున్నావేంట్రా. బరువనేది అద్దుతూ తీస్తూ చూసుకోవాలి” అన్నాడు. రవ్వ ముద్ద తీగకి నిలవదు, తడి చెక్క పాలిషుకి మంచిది కాదు. వీణ మెట్లు మైనంలో నిలబెడతారు కదా అని గుర్తొచ్చి తేనెమైనం తెచ్చాను. పలకకి తగలకుండా కింద పాత పంచె ముక్క పరిచి, శనగగింజంత మైనం తీగకి చుట్టి మీటాం. బాబాయ్ చెవి దగ్గర పెట్టుకుని, “ఇంకా పైనుంది” అన్నాడు. ఇంకో గింజ. “ఇంకొంచెం.” కుంకుడుకాయంత అయ్యేసరికి ఎఫ్ దగ్గరికి దిగింది. ముక్కకి సరిగ్గా నడిమధ్య. కమాను వేశాను. వెక్కిళ్లు పోయి చిన్న గరగర మాత్రం మిగిలింది, పొద్దున్నే నిద్రలేచినవాడి గొంతులా. జీ తీగ మళ్లీ నోరువిప్పి పలికింది. మైనం ముద్ద తీసి అదే కొట్లో తూయిస్తే మూడున్నర గ్రాములు. తొమ్మిది గ్రాములతో పీక నొక్కిన పనిని మూడున్నరతో బుజ్జగించి చేయించుకున్నాం.

ఆ మిగిలిన గరగరని కూడా పోగొట్టాలని నేను రెండు వారాలు తంటాలు పడ్డాను. ఇంకో ముద్ద పెడితే పోయేది, కానీ దాంతో పాటు ‘ఈ’, ఎఫ్ షార్ప్ కూడా మసకబారేవి. అక్కడ ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ స్వరం దగ్గర చెక్క ఎక్కువ ఊగుతుంది కాబట్టే చుట్టుపక్కల స్వరాలకి ఆ నిండుదనం. పూర్తిగా తుడిచేస్తే ఆ నిండుదనమూ పోతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది. నాకు నేర్పిన ఆయనే అనేవారు. పరికరాలన్నీ బద్ధకస్తుల కోసమని, మోకాళ్లతో ఒళ్లు నొక్కిపెట్టి, కమాను గట్టిగా నొక్కి వాయిస్తే తోడేలు దానంతటదే పోతుందని. ఆ మాటలో నిజం ఉంది. ఎడమ మోకాలితో కింది పక్కచెక్కని నొక్కి చూడండి, వెంటనే తెలుస్తుంది. ముందు అవన్నీ నేర్చుకోవాలి. బరువైన తీగ మార్చి తక్కువ బిగువుది వేసినా చాలావరకు తగ్గుతుంది, అదీ చూసుకోవాలి. కానీ ఎఫ్ వచ్చినప్పుడల్లా మోకాలు బిగించి, పళ్లు బిగించి వాయిస్తే వినేవాళ్లకి పాట వినపడదు, మన యాతన వినపడుతుంది. మూడున్నర గ్రాములు మోకాలి బాధ తప్పిస్తే అందులో బద్ధకమేముంది? చేతకాని మృదంగం వాడే రవ్వ అద్దుతాడని ఎవరైనా అంటారా?

ఇంకో సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. తోడేలుని రెండు స్వరాల మధ్యకి, అంటే ఎఫ్‌కీ ఎఫ్ షార్ప్‌కీ నడుమ సందులోకి తోలెయ్యమని. పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్లకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఆ సందులో వాళ్లు కాపురం ఉండరు. మనకి అసలు సందులంటూ ఎక్కడున్నాయి? గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, నడిచేదే ఆ సందుల్లో. మొదట్లో దీంతో బెంబేలెత్తిపోయాను. తర్వాత గమనిస్తే తెలిసింది, వెక్కిళ్లు పుట్టడానికి కాస్త టైం పడుతుంది. కొబ్బరికాయలు చూశారుగా, రెండోది అందుకోవడానికి కొన్ని ఊపులు కావాలి. గమకంలో చుట్టి వెళ్లిపోయే స్వరం దాన్ని నిద్రలేపదు. నిలబడిన స్వరమే లేపుతుంది. కాబట్టి మనం చూసుకోవలసింది ఏ రాగంలో ఎక్కడ నిలబడతామన్నది.

మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ వయొలాని ఒళ్లో పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. తెచ్చుకున్న వాద్యాన్ని మన పద్ధతికి తిప్పుకోవడం మా కోనసీమవాడికి కొత్తేం కాదు. మన చేతిలో పాశ్చాత్యులకి లేని వెసులుబాటు ఒకటుంది, అది శ్రుతి. సీ మీద, అంటే ఒకటి శ్రుతిలో షడ్జమం పెట్టుకుంటే ఎఫ్ శుద్ధ మధ్యమం, ఎఫ్ షార్ప్ ప్రతి మధ్యమం. మోహనానికీ హంసధ్వనికీ మధ్యమమే లేదు. వాటిలో ఏ పరికరమూ అక్కర్లేదు, గాంధారం నుంచి పంచమానికి జారేటప్పుడు తోడేలు గుమ్మం ముందునుంచే వెళ్లినా అది తలెత్తదు. శ్రుతి రెండుకి, అంటే డీకి, మార్చుకుంటే అదే ఎఫ్ సాధారణ గాంధారం అయి కూర్చుంటుంది, అప్పుడు హిందోళం ఎత్తుకోవాలంటే భయం. పైగా శ్రుతి మారిస్తే బాబాయ్ మృదంగమే మార్చాలి. ఉన్నది ఒకటి శ్రుతి మృదంగం. కాబట్టి మాది ఒకటే.

పరికరాల్లో ఇంకొన్ని రకాలున్నాయి. పలకకి లోపలొకటి, బయటొకటి అయస్కాంతంతో పట్టుకుని నిలబడేవి బాగానే పని చేస్తాయి, చోటు మార్చుకోవచ్చు. పలక లోపల జిగురుతో శాశ్వతంగా అంటించేవి కూడా ఉన్నాయి. ఫలానా స్వరానికి అని ముందే శ్రుతి చేసి అమ్ముతారు. వాటిని మాత్రం డెల్టాలో ఉండేవాళ్లెవరూ దగ్గరికి రానివ్వొద్దంటాను. మన చెక్క ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. వానలు మొదలయ్యాక తేమ తాగి బరువెక్కుతుంది, బిరడాలు తిరగనని మొండికేస్తాయి, తీగల ఎత్తు మారుతుంది. నా చెల్లోలో తోడేలు వానాకాలమంతా ఎఫ్ మీద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేసి పడమటి గాలి తిరిగాక మెల్లగా ఎఫ్ షార్ప్ వైపు ఎక్కుతుంది. అంటించేసిన బిళ్ల ఆరునెలలు కాపలా కాస్తుంది, ఆరునెలలు ఖాళీ ఇంటికి కాపలా కాస్తుంది. ఎండు దేశాలవాళ్లు చెల్లో లోపల పెట్టుకునే తడి గొట్టాలు కూడా చూసి కొనేస్తున్నారు కొందరు. మనకి తేమ చాలకనా!

నా పద్ధతిలోనూ లోపం ఉంది, దాచను. మైనానికి వేసవి పడదు. పోయిన మే నెలలో మధ్యాహ్నం ముద్ద మెత్తబడి, జారి, కింద పరిచిన పంచె ముక్క మీద కూర్చుంది. అందుకని వేసవికి నాలుగు గ్రాముల చిన్న గొట్టం ఒకటి కొన్నాను. దాని కథ వేరు. పక్క ఊరి చర్చిలో క్రిస్మస్ పాటలకి రమ్మంటే బద్ధకించి మైనం బదులు ఆ గొట్టమే బిగించుకుని వెళ్లాను. రెండో పాటలో మర వదులైంది. డీ వాయిస్తే జుయ్, జీ వాయిస్తే జుయ్. ముందు వరసలో కూర్చున్న పిల్లలు తేనెటీగ ఎక్కడుందా అని పైకప్పు కేసి చూస్తున్నారు. తప్పు గొట్టానిది కాదు, బయల్దేరేముందు మర చూసుకోని నాది. ఉప్పుగాలికి మర తుప్పు పడుతుంది, రబ్బరు గట్టిపడుతుంది. నెలకోసారైనా విప్పి తుడవాలి.

ఇప్పుడు సాయంత్రాలు బాబాయ్ మా అరుగు మీదకొచ్చి కూర్చుంటాడు. ఆయనకి శంకరాభరణమూ ఇష్టమే, కల్యాణీ ఇష్టమే. ఒకదానికి శుద్ధ మధ్యమం, రెండోదానికి ప్రతి మధ్యమం. వానాకాలంలో మొదటిది కాస్త గరగరలాడుతుంది, వేసవిలో రెండోది. మొన్న జూన్‌లో మబ్బు పట్టి ఉన్న రోజు గొట్టం కూడా పెట్టకుండా కల్యాణి ఎత్తుకున్నాను. ప్రతి మధ్యమం మీద నిలబడ్డాను. రెండు నెలలుగా వెక్కుతున్న స్వరం అద్దంలా నిలిచింది. బాబాయ్ తాళం ఆపి గట్టు వైపు చూశాడు.

“ధవళేశ్వరంలో నీళ్లొదిలినట్టున్నార్రా” అన్నాడు.